నేను బతికి ఉండటం సాక్ష్యం కాదు

ఫిబ్రవరి 11, మంగళవారం

నేను చెబుతాను, నువ్వు రాయి ఫిలొమేనా. చెప్పింది చెప్పినట్టు రాయి, సన్యాసినుల బడిలో నేర్చిన వ్యాకరణం మధ్యలో దూర్చకు. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. చేపల గంప నెత్తిన మోసి బతికినదాన్ని. నిండు గంప దించుకోవాలంటే ఇంకొకరి చెయ్యి కావాలి. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఆ చెయ్యి నా ఆడపడుచుది.

"మెల్లగా వదినా, వేళ్లు నొప్పి" అంటోంది. అదీ రాయి.

నా పేరు దెయొలింద. ఎనభై నాలుగు నిండాయి. ముగ్గుర్ని కన్నాను. పెద్దది సెలెస్తె నలభై రెండో ఏట రొమ్ము కాన్సర్‌తో పోయింది. ఆఖరిది ఒలీవియా అదే జబ్బుతో నలభై ఏడో ఏట పోయింది. మధ్యవాడు అల్బీనో ఉన్నాడు, ఇంకా పడవ మీదికి వెళుతున్నాడు. ఒలీవియా కూతురు వానియా. ముప్పై మూడేళ్లది, నాలుగేళ్ల పిల్ల తల్లి. ఇవాళ పోర్తో పట్నం ఆసుపత్రిలో డాక్టర్ లియోనోర్ దాని రక్తం ఫలితం చెప్పింది. మీ అమ్మ నుంచి నీకూ వచ్చింది అంది.

జబ్బు రాలేదు. జబ్బు వచ్చే దారి వచ్చింది. పుట్టుకతోనే తెరిచి ఉన్న తలుపు. అలాంటివాళ్లు పదిమంది ఉంటే ఆరేడుగురికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందట. చేయగలిగినవి రెండే. రాకముందే రెండు రొమ్ములూ తీయించుకోవడం ఒకటి. ఏటేటా మెషీన్‌లో పెట్టి చూపించుకుంటూ, వస్తే మొదట్లోనే పట్టుకోవడం ఇంకొకటి.

వానియా ఆలోచిస్తానందట. ఆలోచించడానికి ఇందులో ఏముందో నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 13

ఫోన్ చేసి తీయించుకో అన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

భోజనానికి వచ్చింది. మొగుడు నేలియో బస్సు డ్యూటీలో ఉన్నాడు, పిల్ల ఈరిస్‌ని వెంట తెచ్చింది. పులుసులోకి మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ అది నా మొహం చూడలేదు.

"ఇంకో బిడ్డని కనాలి అమ్మమ్మా. కని, పాలివ్వాలి. ఈరిస్‌కి ఇచ్చినట్టే."

"డబ్బా పాలతో పెరిగిన పిల్లలు లేరా ఊళ్లో?"

"నువ్వు మా అమ్మకి డబ్బా పాలే పట్టావా?"

"డబ్బా కొనే మొహమా నాది. చేపల సంతలో గంప పక్కన కూర్చుని ఇచ్చాను. పోయే మగాళ్లు చూస్తే చూశారు."

నవ్వింది. నవ్వితే అచ్చం ఒలీవియా. నేను చేప ముళ్లు తీస్తున్నట్టు తల దించుకున్నాను.

"మెషీన్ ఉందిగా. వస్తే మొదట్లోనే పట్టేస్తారు" అంది.

"మీ పెద్దమ్మకి పట్టారా?"

"పెద్దమ్మ డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లింది? జాకెట్టుకి రక్తం అంటాక వెళ్లింది. దానికి మెషీన్ ఏం చేస్తుంది?"

ఆ మాటకి జవాబుంది. అప్పటికి తోచలేదు, అంతే.

వెళ్లేముందు ఇంకో మాట చెప్పింది. ఈ దారి ఏ వైపు నుంచి వచ్చిందో తెలియాలంటే డాక్టర్‌కి నా రక్తం కావాలట. నా రక్తంలో ఏం వెతుకుతారు, అది మీ తాత వైపు నుంచి వచ్చింది, ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు అన్నాను. ఫిలొమేనా మా ఆయన సొంత చెల్లెలు. అప్పుడు అక్కడే గిన్నెలు తుడుస్తోంది. ఇప్పుడు ఇదంతా రాస్తోంది. రాయి, పరవాలేదు.

ఫిబ్రవరి 27

ఇవాళ రక్తం ఇవ్వడానికి వెళ్లాలి. వాన. వెళ్లలేదు.

మార్చి 4

ఇవాళ వెళ్దామనుకున్నాం. కార్నివాల్ రోజున మొహానికి రంగులేసుకున్నవాళ్ల మధ్య మెట్రోలో ఎవరెక్కుతారు. భయమేం కాదు.

మార్చి 12

ఇచ్చాను. సూది గుచ్చిన పిల్లకి నరం దొరకలేదు. "అవ్వా, నీ చెయ్యి తాడులా ఉంది" అంది. "తాళ్లు లాగిన చెయ్యే" అన్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

ఫలితం వచ్చింది. ముగ్గురం వెళ్లాం. డాక్టర్ లియోనోర్ నెమ్మదస్తురాలు, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్కనే కూర్చుని చెప్పింది. అది మా ఆయన వైపు నుంచి కాదు. నా నుంచి.

ఫిలొమేనా కిటికీలోంచి బయటికి చూసింది. ఏదైనా అని ఉంటే నాకు తేలికయ్యేది. బదులు చెప్పేదాన్ని.

నా రెండు బంగారాలకీ నేనే ఇచ్చాను. పాలతో పాటు ఇచ్చానా అని అడిగాను. పాలలో ఏమీ లేదు, కడుపులో పడ్డప్పుడే, అది మీరు ఇచ్చిందీ కాదు, వచ్చిందంతే అంది డాక్టర్. మంచిది. కూతుళ్లని పాతిపెట్టిన మనిషిలా మాట్లాడటం ఆమెకెలా వస్తుంది?

తిరుగు మెట్రోలో వానియా నా చెయ్యి పట్టుకుంది. దాని మొహంలో వెలుగు.

"ఎనభై నాలుగు అమ్మమ్మా. నీకూ ఉంది అది. నీకేమైంది? ఏమీ కాలేదు."

ఏప్రిల్ 30

బతికి ఉండి తప్పు చేశాను.

కొట్టెయ్యి ఆ వాక్యం. వద్దు, ఉంచు.

మే 4, ఆదివారం

అమ్మల పండగ. ఏటా లాగే పూలు పట్టుకుని స్మశానానికి వెళ్లాం. ఎన్నాళ్ల నుంచో తయారు చేసుకున్న మాట ఒకటి ఉంది నా దగ్గర. మా ఆయన సమాధి దగ్గర దాన్ని నిలబెట్టాను, ఎందుకంటే నా రుజువు ఆ రాయి మీదే ఉంది.

మా పోవా ఊరి జాలరివాళ్లకి అక్షరాలు లేని రోజుల్లోనూ గుర్తులున్నాయి. వలకి, తెడ్డుకి, పడవకి, సమాధికి ఇంటి గుర్తే. తండ్రి గుర్తుకి పెద్దకొడుకు ఒక గీత చేర్చుకుంటాడు. రెండోవాడు రెండు. వాళ్ల పిల్లలు ఆ పైన ఇంకొన్ని. మా ఆయనది కొక్కెం గుర్తు, పక్కన రెండు గీతలు. నేను చదవగలిగినవి ఈ లోకంలో అవే.

"ఇటు చూడు తల్లీ" అన్నాను. "ఈ జబ్బు గుర్తు కూడా ఇలాంటిదే. నాది ఉత్త గుర్తు, గీత లేనిది. అందుకే నన్నేమీ చేయలేదు. మీ అమ్మ తరానికి ఒక గీత పడింది. నీకు ఇంకోటి. తరం తరానికీ బరువెక్కుతుంది. నన్ను చూసి నువ్వు లెక్క వేసుకోకూడదు."

వానియా గులాబీల కాడలు విరిచి సీసాలో పెడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"మా అమ్మ నీకెన్నో బిడ్డ?"

"మూడోది."

"ఆఖరిది. ఆఖరి బిడ్డకి గీత పడుతుందా అమ్మమ్మా?"

ఆఖరివాడికి తండ్రి గుర్తు ఉన్నదున్నట్టు దక్కుతుంది, గీత లేకుండా. పోవాలో పాలు తాగే బిడ్డకి కూడా తెలిసిన సంగతి అది. ఇన్నాళ్లు ఆలోచించాను, అదొక్కటే తలకెక్కలేదు. ఎక్కనివ్వలేదేమో.

"మా అమ్మ ఆఖరిది. నేను ఒక్కదాన్నే కాబట్టి నేనూ ఆఖరిదాన్నే. నీ లెక్క ప్రకారమే నాది అచ్చంగా నీ గుర్తు" అంది. గెలిచినట్టు కూడా అనలేదు. వంగి నా మోకాళ్ల మట్టి దులిపింది.

మే 5

డాక్టర్‌కి ఫోన్ చేయించాను. ఎవరికీ గీతలు లేవట. తరానికొక బరువు ఉండదట. కూతురికైనా కొడుక్కైనా వస్తే అదే గుర్తు, రావడం రాకపోవడం సగం సగం. "మరి నాకెందుకు రాలేదు?" అన్నాను. "మాకు తెలియదు" అంది. తెలియదని చెప్పే డాక్టర్‌ని మొదటిసారి చూశాను.

అల్బీనోని కూడా వెళ్లమన్నాను. "నాకేమున్నాయమ్మా అక్కడ, వెళ్లి చూపించుకోవడానికి" అన్నాడు. మగాళ్లకీ వస్తుందట, వెళ్లు, లేకపోతే నీకు ఆదివారం భోజనం లేదు అన్నాను. వెళతానన్నాడు.

మే 11, ఆదివారం

ఇవాళ అరవలేదు. ఫిలొమేనా సాక్షి.

ఈరిస్ నిద్రపోయింది. వానియా కాఫీలో పాలు కలుపుతోంది. కూర్చోబెట్టి చెప్పాను.

"నాకు పెళ్లైన కొత్తలో ఒక గాలివాన వచ్చింది. మా వీధి నుంచి మూడు పడవలు వెళ్లాయి, ఒకటి తిరిగొచ్చింది. అందులో వచ్చినవాడు సారాకొట్టులో గ్లాసు పట్టుకుని, గాలి పెద్దదేం కాదు, చేతనైనవాడు దాటొచ్చు అని చెప్పుకు తిరిగేవాడు. వినేవాళ్లు తలూపేవాళ్లు. వాణ్ణి కాదని చెప్పడానికి మిగతా రెండు పడవలవాళ్లు కొట్టుకి రాలేరు కదా. నేను ఆ తిరిగొచ్చినవాణ్ణి తల్లీ. నా మాట వినకు. నేను బతికి ఉండటం సాక్ష్యం కాదు. అడగాలంటే వెళ్లి మీ పెద్దమ్మని అడుగు. మీ అమ్మని అడుగు."

అది చాలాసేపు చెంచా తిప్పుతూనే ఉంది.

"అమ్మని అడిగితే ఏం చెబుతుంది?" అంది. "ఆపరేషన్ అయ్యాక స్నానానికి వెళ్లి గడియ వేసుకునేది. నాకు పదిహేడేళ్లు. బయట నిలబడి నీళ్ల చప్పుడు వినేదాన్ని. లోపల ఏముందో నాకెప్పుడూ చూపించలేదు. చచ్చిపోతానని నాకు భయం లేదు అమ్మమ్మా. ఆ గడియ అంటే భయం."

ఫిలొమేనా పక్కగదిలోకి వెళ్లిపోయింది. నాకు వెళ్లడానికి గది లేదు.

కాసేపటికి వానియానే ముక్కు తుడుచుకుని బేరం పెట్టింది. నాకూ ఆ గుర్తుంది కాబట్టి నేనూ ఒకసారి మెషీన్ ముందు నిలబడాలి. నేను నిలబడితే తాను కోసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి మాట్లాడుతుంది.

"మాట్లాడటమే. ఒప్పుకున్నట్టు కాదు."

"మీ తాత కూడా దీపం వెలుగులో చూసి ఎరగడు నన్ను" అన్నాను.

"మెషీన్‌కి కళ్లుండవులే."

జూన్ 5, గురువారం

కళ్లుండవు కానీ పళ్లున్నాయి. రెండు పలకల మధ్య పెట్టి, ఉప్పు చేపల పీపా మూత బిగించినట్టు బిగించింది. మెషీన్ నడిపే పిల్ల గోళ్లకి నీలం రంగు. "ఊపిరి ఆపండి అవ్వా" అంది. "నువ్వే ఆపేశావు కదే" అన్నాను. గాజు అద్దం వెనక వానియా నవ్వు వినపడింది.

బేరం ప్రకారం అది వెళ్లి కోసే డాక్టరమ్మతో మాట్లాడింది. తీసేసి, కావాలంటే అక్కడ కొత్తవి అమరుస్తారట. అండాల సంచులకీ ఈ జబ్బు రావచ్చట, వాటి సంగతి నలభై దాటాక చూసుకోవచ్చట, బిడ్డ కావాలంటే ఈలోగా కనొచ్చట. అన్నీ విని, ఆలోచిస్తాను అని వచ్చేసింది.

జూన్ 12

ఆసుపత్రి నుంచి ఫోన్. ఇంకోసారి రమ్మన్నారు. వానియాని కాదు. నన్ను.

జూన్ 17

సూదితో ముక్క తీశారు. ఎడమవైపు. ఏమీ ఉండదు.

అల్బీనో ఫలితం వచ్చింది. వాడికి లేదు. "చెప్పానుగా, నాకేమీ లేవని" అన్నాడు. అని, నా మెడ చుట్టూ చేతులేసి ఊగాడు, అరవై దాటిన వెధవ.

జూన్ 29, ఆదివారం

పేతురు పండగ. వీధంతా సార్డీన్ చేపల పొగ. రెండు రోజుల కిందటే తెలిసింది, నాకు ఉంది. శనగగింజంత. ఎనభై నాలుగో ఏట.

నా మనసులో ముందు పుట్టింది ఏడుపు కాదని ఈ కాగితానికి చెప్పుకోవచ్చు. సంతోషం పుట్టింది. పొయ్యి మీద చేపలు తిప్పుతున్న వానియా దగ్గరికి కర్ర తాటించుకుంటూ వెళ్లాను.

"ఇప్పుడేమంటావు? అమ్మమ్మకి ఏమీ కాలేదన్నావు. అయింది. ఇక నన్ను ఎవరికీ చూపించి మాట్లాడలేవు నువ్వు."

అది పొగలోంచి నన్ను చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పొగకో దేనికో.

"ఏమంటానా? మెషీన్ పట్టుకుందిగా అంటాను. శనగగింజంత ఉండగానే పట్టుకుందిగా."

దేవుడి సాక్షిగా, ఒకే శనగగింజ నాకూ సాక్ష్యమే, దానికీ సాక్ష్యమే. ముందు అది నవ్వింది, తరవాత నేను. నవ్వుతూ నవ్వుతూ అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చేపలు మాడాయి.

జూలై 8

గింజ వరకు తీస్తే సరిపోతుందా, మొత్తం తీయాలా అని అడిగారు. మొత్తం తీసెయ్యండి, మళ్లీ మళ్లీ మెట్రో ఎక్కలేను అన్నాను.

జూలై 16

కోశారు. బతికే ఉన్నాను. ఫిలొమేనా ఏడుస్తోంది. "నీ వాళ్ల రక్తం కాదని తేలిందిగా, ఇంకా ఎందుకు ఏడుపు" అన్నాను. "నోరు మూసుకో వదినా" అంది. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి దాని నోట ఆ మాట విన్నది ఇదే మొదలు. బాగా అంది.

జూలై 27, ఆదివారం

ఇది జాగ్రత్తగా రాయి ఫిలొమేనా.

కట్టు విప్పేశారు. చెయ్యి పైకి లేవడం లేదు, నా జుట్టు నేను కడుక్కోలేను. వానియా వచ్చింది, నన్ను స్నానాల గదిలో చిన్న ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. నా వీపు దానివైపు. తువ్వాలు ముందువైపు పట్టుకుని కూర్చున్నాను. అది జుట్టు కడుగుతోంది, వేళ్లతో మెల్లగా, పసిపిల్లకి కడిగినట్టు. చూపించమని అడగదని నాకు తెలుసు. ఒలీవియా కూతురు అది, ఎలా అడుగుతుంది.

నేను తువ్వాలు వదిలేసి దానివైపు తిరిగాను.

కుడివైపు ఎనభై నాలుగేళ్ల రొమ్ము, ఖాళీ జోలెలా. ఎడమవైపు ఏమీ లేదు, అడ్డంగా ఒక గీటు, అక్కడక్కడ ఎరుపు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"నేను ఏదో అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

"తెలియదు. గొయ్యి ఉంటుందనుకున్నాను."

ముట్టుకో అన్నాను. తడిచెయ్యి తుడుచుకుంది. వేలు పెట్టింది, తరవాత అరచెయ్యి మొత్తం. నాకు అక్కడ స్పర్శ సగమే తెలుస్తోంది, మొద్దుగా ఉంది, అది కూడా చెప్పాను. రాత్రి పక్కకి తిరిగితే లాగుతుందని చెప్పాను. లేని రొమ్ము దురద పెడుతుందని, గోక్కోవడానికి ఏమీ ఉండదని చెప్పాను. జాకెట్టు ఒకవైపు వదులై కాగితాలు కుక్కుకుని చర్చికి వెళ్లానని చెప్పాను. అది నవ్వింది, నవ్వుతూనే చెయ్యి అక్కడే ఉంచింది.

"తాతయ్య ఉంటే ఏమనేవాడు?"

"కాగితాలు దేనికే, వల ముక్క పెట్టుకో, నిలుస్తుంది అనేవాడు."

ఈలోగా ఈరిస్ తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. వానియా తువ్వాలు అందుకోబోయి ఆగింది. పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్మమ్మా, నీది ఒకటి ఎక్కడికి పోయింది?" అని వానియాలాగే నన్ను పిలిచి అడిగింది.

"బాగాలేదు, డాక్టర్ తీసేసింది" అంది వానియా. మామూలు గొంతుతో.

పిల్ల సరేనని బొమ్మ కోసం వెళ్లిపోయింది. తలుపు తీసే ఉంచి వెళ్లింది.

ఆగస్టు 3

తీయించుకో అని నేను అనడం లేదు. ఎవరైనా అడిగితే ఫిలొమేనా చెబుతుంది.

ఆగస్టు 15, శుక్రవారం

మాత ఊరేగింపు. పడవలన్నీ జెండాలు కట్టుకున్నాయి, రేవులో బాణసంచా మోగుతోంది. నేను గట్టు మీద కుర్చీలో. వానియా నా పక్కకి వచ్చి ఒంగి చెవిలో చెప్పింది, బాణసంచా చప్పుడుకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అక్టోబర్ ఇరవై. రెండూ. నేలియోతో మాట్లాడాను."

ఫిబ్రవరి నుంచి ఈ మాట కోసం పోట్లాడాను. అది ఒప్పుకున్న రోజున ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది ఇది.

"తొందరేముందే. చలికాలం వెళ్లనీ. ఇంకా చిన్నదానివి. ఆలోచించుకో."

అది వెనక్కి జరిగి నా మొహంలోకి చూసింది, పిచ్చిదాన్ని చూసినట్టు. ఫిలొమేనా పక్కకి తిరిగి నవ్వుకుంది, నేను చూడలేదనుకుంది.

"ఆలోచించాను అమ్మమ్మా."

"మెషీన్ ఉందిగా. ఏటా చూపించుకోవచ్చు. పాలివ్వాలన్నావు."

"అన్నాను. ఒక రోజు ఏడ్చాను కూడా దానికి. ఇంకా ఏడుస్తానేమో. అయినా ఇరవయ్యే."

మాత పల్లకి మా ముందుకి వచ్చింది. అందరూ లేచారు. నన్ను లేపడానికి అది చంక కింద చెయ్యి వేసింది, కుడి చంక కింద, ఎడమవైపు నొప్పని దానికి తెలుసు. నేను ప్రార్థన చేయలేదు. దాని పక్క నిలబడ్డాను, అంతే.

పల్లకి వెళ్లిపోయాక చెప్పాను. నైట్‌గౌన్లు ముందువైపు గుండీలున్నవి కొనుక్కో, తల మీంచి తొడుక్కునేవి పనికిరావు, చేతులు లేవవు. చిన్న దిండు రెండు వైపులా పెట్టుకోవాలి, ఒక్కవైపు కాదు, నీవి రెండూ కదా. గాయం నీరు పోవడానికి గొట్టాలు పెడతారు, వాటి సంచులు పెట్టుకోవడానికి గుడ్డ జేబులు కుట్టిస్తాను. మొదటి స్నానానికి నేను వస్తాను.

"నువ్వెలా వస్తావు? నీ జుట్టే నేను కడుగుతున్నాను" అంది.

"పీట మీద కూర్చుంటాను. కూర్చుని చెబుతాను" అన్నాను.